పిల్లల నాటకానికి దివ్యాంగులైన పిల్లలూ హాయిగా రావాలంటే: హాలు చూడటం దగ్గర్నుంచి తెర దించేదాకా ఏం చేయాలి?

"పిల్లల నాటకం వేస్తున్నాం. వీల్‌చైర్‌లో ఉండే బాబు, చూపు లేని పాప, ఆటిజం ఉన్న పిల్లలు వస్తామంటున్నారు. ఏం ఏర్పాట్లు చేయాలి?" విజయవాడ, గుంటూరుల్లో వేసవి శిబిరాలు నడిపేవాళ్లు, స్కూలు వార్షికోత్సవాలు చేసేవాళ్లు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు మొత్తం పని వరసలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయంలో స్పష్టత కావాలి. ఆ పిల్లల కోసం వేరే రోజు, వేరే ఆట పెట్టమని నేను చెప్పను. అక్కతో, తమ్ముడితో, పక్కింటి పిల్లలతో కలిసి అదే గేటులోంచి వచ్చి, అదే నాటకం చూడాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ అందుకే. కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. చివరి వారంలో మొదలుపెడితే ర్యాంపు కుదరదు, సైగల భాష తెలిసినవాళ్లు దొరకరు.

## 1. అడ్వాన్స్ ఇవ్వకముందే టేపు పట్టుకుని హాలుకి వెళ్లండి

విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రమైనా, గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరమైనా, మీ వీధి చివర కల్యాణ మండపమైనా చూసే పద్ధతి ఒకటే. "మా హాల్లో అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ" అనే మాట మీద ఆధారపడొద్దు. ర్యాంపు ఉందంటారు, వెళ్లి చూస్తే దాని మీద జనరేటర్ పెట్టి ఉంటుంది.

ఆటో ఆగే చోటు నుంచి మొదలుపెట్టి పిల్లవాడు ఏ దారిన వస్తాడో ఆ దారినే నడవండి: గేటు, మెట్లు, తలుపు, సీటు, బాత్రూమ్, మంచినీళ్లు, మళ్లీ బయటికి. వీలైతే వీల్‌చైర్ వాడే మనిషినే వెంట తీసుకెళ్లండి. మన కంటికి ఆనని రెండంగుళాల గడప వాళ్ల చక్రానికి వెంటనే తెలుస్తుంది.

కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొలతలు వివరంగా ఉన్నాయి. మనకి ముఖ్యంగా కావాల్సినవి:

- తలుపు తీసినప్పుడు ఖాళీ దారి 90 సెం.మీ. ఉండాలి. రెండు రెక్కల తలుపుకి ఒక రెక్కే తీస్తే సరిపోదు, రెండోదాని గడియ కూడా తీయించండి.
- వీల్‌చైర్ వెనక్కి తిరగడానికి 150 సెం.మీ. వెడల్పున ఖాళీ.
- ర్యాంపు వెడల్పు కనీసం 120 సెం.మీ., రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు.
- ర్యాంపు వాలు 1:12. అంటే ఒక సెంటీమీటరు ఎత్తుకి 12 సెంటీమీటర్ల పొడవు.

ఈ వాలు దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. లెక్క వేసి చూడండి. గుమ్మం ముందు మూడు మెట్లు, ఒక్కోటి 15 సెం.మీ. అనుకుందాం. మొత్తం ఎత్తు 45 సెం.మీ. దాన్ని 12తో గుణిస్తే 540. అంటే దాదాపు ఐదున్నర మీటర్ల ర్యాంపు కావాలి. మెట్ల మీద ఒక పలక వాల్చితే అది రెండు మీటర్లు కూడా ఉండదు. దాని మీద కుర్చీ ఎక్కించడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి, దించేటప్పుడు పిల్లవాడు ముందుకి పడిపోతాడు.

ఉన్న ర్యాంపు సరైనదో కాదో తెలుసుకోవాలంటే ఒక తిన్నటి కర్ర ర్యాంపు మీద పెట్టి, దాని మీద ఫోన్ ఉంచి లెవెల్ యాప్ (వాలుని డిగ్రీల్లో చూపించేది) తెరవండి. 5 డిగ్రీల లోపు చూపిస్తే బాగుంది. 8, 10 చూపిస్తే పిల్లలు సొంతంగా ఎక్కలేరు.

ర్యాంపు లేకపోతే వడ్రంగితో చెక్క ర్యాంపు చేయించుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా, బోల్టులు బిగించేలా చేయించండి. మందపాటి ప్లైవుడ్, కింద దగ్గర దగ్గరగా అడ్డకర్రలు, పైన జారని రబ్బరు షీటు. తివాచీ పరవొద్దు, చక్రం కింద ముడతలు పడుతుంది. అంచుల వెంట రెండు వైపులా ఒక రీపరు కొట్టించడం మర్చిపోకండి, ముందు చిన్న చక్రం పక్కకి జారకుండా అదే ఆపుతుంది.

హాలు మొదటి అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే ఆ హాలు వదిలేయండి. "మా కుర్రాళ్లు ఎత్తుకుని తీసుకొస్తారు" అనేది పరిష్కారం కాదు. పన్నెండేళ్ల పిల్లని నలుగురి ముందు ఎత్తుకెళ్లడం ఆ పిల్లకి ఇష్టం ఉండదు. బ్యాటరీ వీల్‌చైర్ ఎత్తడం అసలు కుదరదు. పైగా ఏదైనా ప్రమాదం జరిగితే ఆ మెట్ల మీదుగానే దించాలి.

## 2. బాత్రూమ్ చూడకుండా సంతకం పెట్టొద్దు

తల్లిదండ్రులు మానుకునేది చాలావరకు ఇక్కడే. బాత్రూమ్ సంగతి నమ్మకంగా తెలియకపోతే ఉదయం నుంచీ పిల్లకి నీళ్లు పట్టించకుండా తీసుకొస్తారు, లేదా ఇంట్లోనే ఉండిపోతారు.

ఉన్న చోట కూడా పరిస్థితి ఎలా ఉంటుందంటే: తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ, లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు. తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి వెళ్లాడు. అందుకని ముందురోజే ఖాళీ చేయించి, కడిగించి, తాళం మీ చేతిలో పెట్టుకోండి.

చూడాల్సినవి:

- తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే కుర్చీ లోపలికి వెళ్లాక తలుపు పడదు.
- కమోడ్ ఎత్తు 45 నుంచి 48 సెం.మీ., పక్కన గోడకి గట్టి కడ్డీ. కడ్డీని మీ బరువు వేసి లాగి చూడండి.
- కుళాయి, మగ్గు కూర్చున్న చోటు నుంచి అందాలి.
- నేల పొడిగా ఉండాలి. కర్రలతో, క్యాలిపర్లతో (కాళ్లకి కట్టుకునే ఆధారాలు) నడిచే పిల్లలకి తడి నేలే పెద్ద ప్రమాదం.

హాల్లో ఇండియన్ టైపు ఒక్కటే ఉంటే, దాని మీద పెట్టుకునే కమోడ్ స్టూలు సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. డైపర్ వాడే పెద్ద పిల్లల కోసం గ్రీన్ రూమ్ పక్కన ఒక గదిలో శుభ్రమైన మంచం, తెర, చెత్తబుట్ట, చేతులు కడుక్కునే ఏర్పాటు పెట్టండి. చిన్న పనే, కానీ ఎనిమిదేళ్లు దాటిన పిల్లల్ని బాత్రూమ్ నేల మీద పడుకోబెట్టాల్సిన అవస్థ ఆ తల్లికి తప్పుతుంది.

## 3. సీట్లు: ముందు వరసే మంచిదని అనుకోకండి

వీల్‌చైర్ పిల్లలందర్నీ మొదటి వరసలో బారుగా పెట్టేయడం మన అలవాటు. అక్కడ స్పీకర్ చెవి పక్కనే ఉంటుంది, స్టేజీ ఎత్తుగా ఉంటే మెడ నొప్పి పుడుతుంది, పైగా తోబుట్టువులు వెనకెక్కడో ఉంటారు.

ఒక్కో వీల్‌చైర్‌కి 90 సెం.మీ. వెడల్పు, 120 సెం.మీ. పొడవు చోటు కావాలి. ఆ చోటు హాల్లో రెండు మూడు చోట్ల ఉండాలి, పక్కనే తోడొచ్చినవాళ్లకి మామూలు కుర్చీ వేయాలి. బిగించిన కుర్చీలైతే వరస చివర రెండు కుర్చీలు విప్పించమని యాజమాన్యాన్ని అడగండి. నడవాలో మాత్రం పెట్టొద్దు, అది బయటికి వెళ్లే దారి.

ప్లాస్టిక్ కుర్చీల హాలైతే పని తేలిక. కానీ ఒక మనిషిని అక్కడే ఉంచండి. ఖాళీ జాగా కనిపిస్తే ఎవరో ఒకరు కుర్చీ తెచ్చి వేసేస్తారు.

మిగతా పిల్లలకి:

- ఆటిజం ఉన్నవాళ్లకి తలుపుకి దగ్గరగా, వరస చివర.
- వినికిడి లోపం ఉన్నవాళ్లకి సైగలు చేసే మనిషి, స్టేజీ రెండూ ఒకే చూపులో కనిపించే వైపు.
- చూపు తక్కువ ఉన్నవాళ్లకి ముందు, మధ్యలో.

## 4. తల్లిదండ్రుల్ని అడగండి, కానీ సర్టిఫికెట్ అడగొద్దు

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. వాటిలో చాలావాటిని బయటికి చూసి పోల్చుకోలేం. మీకు తెలియాల్సింది సదరం సర్టిఫికెట్లో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) శాతం ఎంత అన్నది కాదు, ఆ పిల్లకి ఏం కావాలన్నది. ఇలాంటి వాట్సాప్ మెసేజ్ పంపండి:

"నమస్తే అండీ. మా నాటకానికి మీ బాబు, పాప వస్తున్నందుకు సంతోషం. వీల్‌చైర్‌కి చోటు, సైగల భాష, స్టేజీ సామాన్లు ముట్టుకుని చూడటం, శబ్దం తక్కువుండే సీటు, పడుకోబెట్టి బట్టలు మార్చే గది: వీటిలో మీకు ఏవి కావాలి? ఇవి కాక ఇంకేమైనా ఉంటే చెప్పండి. తోడుగా వచ్చే ఒకరికి టికెట్ అక్కర్లేదు."

ఇదే మెసేజ్‌ని వాయిస్‌లో కూడా పంపండి. తల్లిదండ్రుల్లో చూపు లేనివాళ్లు, చదవడం రానివాళ్లు ఉంటారు. జవాబులు చూసుకోవడానికి ఒక మనిషిని, ఒక ఫోన్ నంబర్‌ని కేటాయించండి. నలుగురి నంబర్లు ఇస్తే ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు.

పిల్లలకి కబురు చేరడానికి ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లని కలవండి. మామూలు బడుల్లో చదివే దివ్యాంగ పిల్లల ఇళ్లతో వాళ్లకి నేరుగా పరిచయం ఉంటుంది.

## 5. బొమ్మల కథ తయారుచేసి వారం ముందే పంపండి

కొత్త చోటంటే చాలామంది పిల్లలకి టెన్షన్. ఆటిజం ఉన్న పిల్లలకి మరీ ఎక్కువ. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

హాలుకి వెళ్లి ఫోన్‌తో పది ఫోటోలు తీయండి: గేటు, టికెట్లు చూసే అక్క, సీటు, బాత్రూమ్, నిశ్శబ్దంగా ఉండే గది, ప్రతి పాత్ర వేషంతోనూ వేషం లేకుండానూ. ఒక్కో ఫోటో కింద పిల్లవాడు తనే చెప్పుకుంటున్నట్టు ఒకటి రెండు వాక్యాలు రాయండి.

"నేను అమ్మతో ఆటో దిగుతాను. గేటు దగ్గర పసుపు చొక్కా వేసుకున్న అన్నయ్య ఉంటాడు."

"రాక్షసుడు వచ్చేటప్పుడు డప్పు గట్టిగా మోగుతుంది. నేను చెవులు మూసుకోవచ్చు. రాక్షసుడి వేషం వేసింది ఈ అక్కే."

"నాకు విసుగొస్తే బయటికి వెళ్లి మళ్లీ రావచ్చు. ఎవరూ ఏమీ అనరు."

ఇందులో రాసింది ఏదీ ఆ రోజు మారకూడదు. పసుపు చొక్కా అని రాశారంటే పసుపు చొక్కాయే ఉండాలి.

## 6. నాటకంలో చేయాల్సిన మార్పులు

కథ మార్చక్కర్లేదు. వెలుగు, శబ్దం, నియమాలు కాస్త సడలిస్తే చాలు.

హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పేయొద్దు, మసక వెలుగు ఉంచండి. టపటపా కొట్టుకునే లైట్లు వద్దని లైటింగ్ వాళ్లకి ముందే గట్టిగా చెప్పండి. కొందరు పిల్లలకి వాటివల్ల ఫిట్స్ వస్తాయి.

మైకు సెట్ వాళ్లతో మొదటి వరసలో కూర్చుని శబ్దం సరిచూసుకోండి. పక్క మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే సరైన స్థాయి. ఉన్నట్టుండి మోగే బాంబు శబ్దం తీసేయండి, లేదా దాన్ని చిన్నగా మొదలుపెట్టి పెంచండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు హాలు చీకటైపోతుంది కాబట్టి బ్యాటరీ లైట్లు రెండు మూడు చోట్ల వెలుగుతూనే ఉంచండి.

నటులు ప్రేక్షకుల్లోకి దూకి పిల్లల్ని ముట్టుకోకూడదు. చెయ్యి చాపి ఆగితే, ఇష్టమున్న పిల్లలే చెయ్యి కలుపుతారు.

హాలు పక్కనే ఒక చిన్న గది సిద్ధం చేయండి: చాప, దిండ్లు, ఫ్యాను, మంచినీళ్లు, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు ఒకటి రెండు. తలుపు మీద పెద్ద అక్షరాలతో "నిశ్శబ్ద గది" అని రాయండి.

మొదలుపెట్టే ముందు మైకులో ఇలా చెప్పండి: "ఈ నాటకం చూస్తూ లేవొచ్చు, తిరగొచ్చు, గట్టిగా నవ్వొచ్చు, మధ్యలో మాట్లాడొచ్చు. పక్కన పిల్లలు చప్పుడు చేస్తే వెనక్కి తిరిగి చూడొద్దు." ఈ నాలుగు మాటలతో హాల్లో చాలామంది తల్లులు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

## 7. వినిపించని పిల్లల కోసం

భారతీయ సైగల భాష తెలిసిన ఇద్దర్ని మాట్లాడుకోండి. గంట పైన సాగే నాటకానికి ఒక్కరైతే చేతులు, మెదడు రెండూ అలసిపోతాయి. ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి మారాలి. స్క్రిప్టు రెండు వారాల ముందే ఇవ్వండి, ఒక రిహార్సల్‌కి పిలవండి. పాటలు, పొడుపు కథలు, పాత్రల పేర్లకి సైగలు అప్పుడే కుదురుతాయి.

వాళ్లని స్టేజీ మూల చీకట్లో నిలబెడితే డబ్బు దండగ. నటులకి దగ్గరగా, వాళ్ల మీద విడిగా ఒక లైటు, వెనక డిజైన్లు లేని తెర ఉండాలి. చేతులు స్పష్టంగా కనిపించేలా వాళ్లు సాదా రంగు బట్టలు వేసుకోవాలి.

ప్రొజెక్టర్ మీద తెలుగు అక్షరాల్లో మాటలు వేయడం వినికిడి తగ్గిన పెద్దవాళ్లకి, చదవగలిగే పిల్లలకి ఉపయోగం. కానీ ఏడేళ్ల పిల్లలు అంత వేగంగా చదవలేరు, కాబట్టి సైగలకి అది బదులు కాదు.

## 8. చూపు లేని పిల్లల కోసం

నాటకానికి అరగంట ముందు స్టేజీ మీదికి పిలవండి. కిరీటం, తోక, మాస్కు, చెట్టు బొమ్మ చేతికివ్వండి. నటులు ఒక్కొక్కరూ నాటకంలో వాడే గొంతుతోనే "నేను ఎలుకని, నా పేరు ఇది" అని చెప్పాలి. ఆ గొంతు గుర్తుంటే తర్వాత ఎవరు మాట్లాడుతున్నారో పిల్లలే పట్టేస్తారు. ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని అడుగులో నడిపించి చూపండి. స్టేజీకి ర్యాంపు లేకపోతే సామాన్లన్నీ కిందికి తెచ్చి చూపించాలి.

నాటకం నడుస్తుండగా ఒకరు చెవిలో వివరించాలి. మాటలకి మాటలకి మధ్య ఖాళీలో, కనిపించేదే చెప్పాలి: "ఎలుక మెల్లగా బల్ల కిందికి దూరింది. తోక మాత్రం బయటే ఉంది." ఎలుక ఎందుకు దూరిందో చెప్పేయొద్దు, నవ్వు వాళ్లకి దక్కనివ్వండి. వివరించే మనిషి కనీసం రెండు రిహార్సల్స్ చూసి ఖాళీలెక్కడో రాసుకోవాలి.

ఈ వివరణ చెవిలో వినిపించే పరికరాలు అద్దెకి దొరక్కపోతే ఫోన్‌లో కాన్ఫరెన్స్ కాల్ పెట్టి ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి. హాలు లోపల సిగ్నల్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

## 9. వాలంటీర్లకి ఒక పూట శిక్షణ

కాలేజీ పిల్లలు ఉత్సాహంగా వస్తారు, కానీ ఉత్సాహంతోనే తప్పులు చేస్తారు. వాళ్లకి చెప్పాల్సినవి:

- అడక్కుండా వీల్‌చైర్ తోయొద్దు. "బాబూ, నేను పట్టుకోనా?" అని అడిగి, "వద్దన్నా" అంటే ఊరుకోవాలి.
- పిల్లతోనే మాట్లాడాలి. "పాప పేరేంటండీ?" అని తల్లిని కాదు, "నీ పేరేంటమ్మా?" అని పాపనే.
- తెల్ల కర్ర పట్టుకుని లాగొద్దు. మోచెయ్యి అందిస్తే వాళ్లే పట్టుకుంటారు.
- తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫోటోలు తీయొద్దు.

ఫిట్స్ వస్తే ఏం చేయాలో అందరికీ నోటికి రావాలి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపండి, తల కింద మెత్తటిది పెట్టండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైము చూసుకోండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, గట్టిగా అదిమి పట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

## 10. సమయం, ముఖ్య అతిథి

విజయవాడ ఎండలో మధ్యాహ్నం ఆట పెట్టొద్దు. వీల్‌చైర్ చక్రాల రింగులు, ర్యాంపు కడ్డీలు చెయ్యి పెట్టలేనంత కాలిపోతాయి. వెన్నుపాము దెబ్బతిన్న కొందరు పిల్లల ఒళ్లు వేడిని తట్టుకోలేదు. ఆదివారం ఉదయం పది గంటలు నా దృష్టిలో అన్నిటికన్నా మంచి సమయం. ట్రాఫిక్ కూడా తక్కువ.

ఇంకో విషయం కాస్త కటువుగానే చెప్పాలి. పదికి అంటే పదికే మొదలవ్వాలి. ముఖ్య అతిథి కోసం గంట ఆగి, ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, నాలుగు ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి మందుల వేళ, బాత్రూమ్ వేళ దాటిపోతాయి. ఓపిక పట్టగలిగిన పిల్లలకీ ఓపిక అయిపోతుంది. నాటకం మొదలవకముందే ఇంటికి వెళ్లిపోయిన కుటుంబాలున్నాయి. సన్మానాలు నాటకం తర్వాత పెట్టుకోండి. దివ్యాంగ పిల్లల్ని స్టేజీ ఎక్కించి పండ్లు పంచి ఫోటోలు దిగడం మాత్రం ఎప్పుడూ వద్దు. వాళ్లు నాటకం చూడటానికి వచ్చారు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, అక్కడికక్కడే సర్దుబాట్లు

ర్యాంపు ముందు బైకులు పెట్టేస్తారు. తెల్లవారగానే టెంట్ హౌస్ కుర్చీలు అడ్డం వేసి ఒక వాలంటీర్‌ని నిలబెట్టండి. బోర్డు పెడితే ఎవరూ చదవరు.

చెప్పకుండా ఇంకో నలుగురు వీల్‌చైర్‌లో వస్తారు. ప్లాస్టిక్ కుర్చీలు తీసి చోటు చేయండి. బిగించిన కుర్చీలైతే, కుర్చీలోకి మారగలరా అని వాళ్లనే అడగండి. మారితే వీల్‌చైర్‌ని దూరంగా తీసుకెళ్లొద్దు, కంటికి కనిపించేంత దగ్గర్లో ఉంచండి.

సైగలు చేసే మనిషి రాలేకపోతారు. సైగలు కావాలన్న కుటుంబాలకి వెంటనే ఫోన్ చేసి నిజం చెప్పండి. గుమ్మం దాకా వచ్చాక తెలిస్తే ఇంకోసారి రారు.

అందరూ లేచి చప్పట్లు కొడితే వీల్‌చైర్‌లో ఉన్న పిల్లకి స్టేజీ కనపడదు. వాళ్ల ముందున్న రెండు వరసలవాళ్లకి, కూర్చునే చప్పట్లు కొట్టమని వాలంటీర్లు ముందే చెప్పి ఉంచాలి.

## 12. ఆ రోజు ఉదయం చూసుకోవాల్సిన జాబితా

- ర్యాంపు బోల్టులు బిగించారా? మీరే ఒకసారి వీల్‌చైర్‌లో కూర్చుని ఎక్కి దిగారా?
- బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుంది? నేల ఆరిందా?
- బయటికి వెళ్లే తలుపులన్నీ గడియలు తీసి ఉన్నాయా? ప్రమాదం వస్తే ఏ వీల్‌చైర్ వెంట ఎవరు ఉండాలో పేర్లతో సహా రాశారా?
- సైగలు చేసేవారి మీద లైటు వెలుగుతోందా?
- నిశ్శబ్ద గదిలో ఎవరైనా సామాన్లు పడేశారా?
- ఆటోలు గేటు లోపలి దాకా రావడానికి వాచ్‌మన్‌కి చెప్పారా?

నాటకం అయిన మర్నాడు కుటుంబాలకి రెండే ప్రశ్నలు వాయిస్‌లో పంపండి: ఎక్కడ ఇబ్బంది అయింది, ఏది మళ్లీ ఉంచాలి. జవాబులు ఒక నోటు పుస్తకంలో హాలు పేరుతో రాసి పెట్టుకోండి, కొలతలతో సహా. చెక్క ర్యాంపు విప్పేటప్పుడు ప్రతి ముక్క మీదా పెయింటుతో నంబరు వేయండి, బోల్టులు ఒక సంచిలో వేసి మొదటి ముక్కకే కట్టండి. దాన్ని వాన తగలని చోట చదునుగా పడుకోబెట్టించండి. గోడకి వాల్చి నిలబెడితే ప్లైవుడ్ వంగిపోతుంది.